సన్నని ఫోను, ఉబ్బిన కెమెరా

పడుకుని చదివే అలవాటు నాది. మందపాటి ఫోను పట్టుకుంటే కాసేపటికే చిటికెన వేలు లాగేసేది. సన్నని ఫోనుకు మారాక ఆ బాధ తప్పింది. ఇది వాడేవారికి తప్ప తెలియని సుఖం.

2025లో వచ్చిన శాంసంగ్ ఫోను గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ మందం 5.8 మిల్లీమీటర్లు, బరువు 163 గ్రాములు. అదే ఏడాది ఐఫోన్ ఎయిర్ 5.6 మిల్లీమీటర్లకు దిగింది. (ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. 2014లోనే ఒప్పో ఆర్5 4.85 మిల్లీమీటర్లతో వచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రానికే అందులో చోటు లేకపోయింది!)

నాకు ఒళ్లు మండేది ఒక్క విషయంలో. ఈ కొలతల్లో కెమెరా ఉబ్బును కలపరు. నా ఫోనును బల్ల మీద పెట్టి టైపు చేస్తే ఒక మూల టకటకా ఊగుతుంది. లెన్సుకూ, వెలుగును పట్టి ఫొటోగా మార్చే సెన్సర్‌కూ మధ్య కొంత దూరం ఉండి తీరాలి కదా, ఎంత చెక్కినా ఆ దూరం ఎక్కడికి పోతుంది? ఎడ్జ్‌లోనూ, ఐఫోన్ ఎయిర్‌లోనూ దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్సు లేదు. దూరాన కొమ్మ మీద ఉన్న పిట్టను ఫొటో తీయాలనుకుంటే నిరాశే.

బ్యాటరీ సంగతి చెప్పనక్కర్లేదు. ఎడ్జ్‌లో 3,900 ఎంఏహెచ్, లావుపాటి ఎస్25 అల్ట్రాలో 5,000. వేడి చెదరడానికీ చోటు తక్కువే. ఎండలో వీడియో తీస్తుంటే నా ఫోను వీపు చురుక్కుమంటుంది, తెర వెలుగు దానంతట అదే తగ్గిపోతుంది.

రోజంతా బయట తిరిగేవారికి సన్నని ఫోను కొనమని నేను చెప్పను. ఛార్జర్ అందుబాటులో ఉండేవారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు.