కొంగుతో తుడిచే అద్దాలు కావివి

మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో మూడో తరగతి దాటేసరికి ఎవరో ఒక పిల్లకో పిల్లాడికో కళ్లజోడు వస్తోంది. బడిలో చూపు పరీక్షించి ఇంటికి కాగితం పంపుతారు. డాక్టరు పవర్ రాసిస్తారు. ఆ తరువాత మనవాళ్లందరికీ వచ్చే ఆలోచన ఒకటే: ఎలాగూ వేసవికి ఇండియా వెళ్తున్నాం కదా, అద్దాలు అక్కడే చేయిద్దాం. మేమూ డల్లాస్ నుంచి విశాఖ వెళ్లినప్పుడు అదే చేస్తున్నాం. ఖర్చు కలిసొస్తుంది, నిజమే. అంతకంటే విలువైనది నాకు మరొకటి దొరుకుతోంది. కళ్లజోడు గురించి అక్కడ ఒక మాట, ఇక్కడ ఇంకో మాట వింటున్న మా అమ్మాయి, ఏ మాట ఎందుకు పుట్టిందో అడిగి తెలుసుకుంటోంది. ఆలోచించకుండా ఒప్పుకోవడం, ఆలోచించకుండా కొట్టిపారేయడం, రెండూ దానికి అలవాటు కాకూడదని నా కోరిక.

ముందు చీటీ సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని అడిగి తీసుకోరు. బడిలో జరిగేది ప్రాథమిక పరీక్ష మాత్రమే, పవర్ తేల్చేది అది కాదు. పూర్తి పరీక్ష అయ్యాక పవర్ చీటీని, మనం అడిగినా అడగకపోయినా, అదనపు డబ్బు తీసుకోకుండా చేతికివ్వాలని అమెరికాలో 1978 నుంచి నిబంధన ఉంది. అద్దాలు వాళ్ల దగ్గరే కొనాలన్న షరతు పెట్టకూడదు. కంటిపాపల మధ్య దూరాన్ని మాత్రం చీటీలో రాయాలని ఆ నిబంధన చెప్పదు. పిల్లల ముఖం పెరిగేకొద్దీ ఆ దూరం మారుతుంది కాబట్టి, నిరుటి కొలతతో ఈ ఏడాది అద్దాలు చేయించకూడదు. కొట్టులో ప్రతిసారీ కొత్తగా కొలిపించాలి.

చీటీ చూసి మా నాన్న మొదట కంగారుపడ్డారు. "ఇరవై బై నలభై ఏమిటమ్మా, అంత తగ్గిపోయిందా?" అన్నారు. అమెరికాలో 20 అడుగుల దూరాన్ని బట్టి రాస్తారు, మన దగ్గర 6 మీటర్లను బట్టి రాస్తారు. అక్కడి 20/40 ఇక్కడి 6/12. మనవరాలే కాగితం మీద లెక్క వేసి చూపించింది. తాతయ్య తన పాత రిపోర్టులు తీసి, తనవి అమెరికా లెక్కలోకి మార్చమన్నారు. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ భోజనానికి పిలిచినా లేవలేదు.

ఈ వేసవికి చీటీ పాతబడింది, అమ్మాయి టీవీ చూస్తూ కళ్లు చికిలిస్తోంది. అందుకని విశాఖలోనే మళ్లీ పరీక్ష చేయించాం. హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం ఉండటం ఈ ఊరికి పెద్ద అండ. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సంస్థకు సినీ దర్శక నిర్మాత పేరు ఎందుకు వచ్చిందో, ఆయన ఇచ్చిన విరాళం గురించి దారిలో చెప్పాను.

పిల్లలకు చుక్కల మందు వేసి పరీక్షించాలని పట్టుబట్టండి. దగ్గరి వస్తువు మీద చూపు నిలిపే శక్తి పిల్లల కళ్లలో చాలా ఎక్కువ. ఆ బిగువులో మైనస్ పవర్ ఉన్నదానికంటే ఎక్కువగా తేలవచ్చు. మందు కంటి కండరాన్ని సడలిస్తుంది. ఆ రోజంతా దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ భరించలేరు. కాబట్టి అదే సాయంత్రం కైలాసగిరి వెళ్దామని పిల్లలకు మాటివ్వకండి. విమానం దిగిన మర్నాడు కూడా వద్దు. నిద్రమత్తులో ఉన్న పిల్ల చెప్పే జవాబులను నమ్మలేం.

పరీక్ష గదిలో రెండు పట్టికలు ఉన్నాయి, ఒకటి ఇంగ్లిషు, ఒకటి తెలుగు. మా అమ్మకు వెంటనే ఉత్సాహం వచ్చింది. మనవరాలు ఆదివారాలు గుడిలో తెలుగు తరగతికి వెళ్తోంది కదా, తెలుగులోనే చదివించమంది. చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు చిన్న వయసు అమ్మాయే గానీ నిదానంగా చెప్పింది: "అక్షరం దగ్గర తడబడితే అది చూపు వల్లో, చదువు రాకో నాకు తెలియదమ్మా." ప, ష, వ, మ మధ్య తేడా మా అమ్మాయి దగ్గర నుంచి చూసినా ఒక క్షణం ఆలోచించి గానీ చెప్పదు. పరీక్ష ఇంగ్లిషు పట్టికతోనే జరిగింది. తరువాత, పవర్ సరిచూసే ఫ్రేము కళ్లకు ఉండగానే, తెలుగు పట్టిక కూడా చదువుతానని తనే అడిగింది. చివరి వరుస దాకా వెళ్లింది. అమ్మ పక్కన నిలబడి ఒక్క అక్షరమూ అందించకుండా ఊరుకోవడం నేను మొదటిసారి చూశాను.

ఇంటికి వచ్చాక అసలు వాదన మొదలైంది. "ఎప్పుడూ పెట్టుకుంటే పవర్ పెరిగిపోతుంది, చదువుకునేటప్పుడు తీసేయమను" అని అమ్మ. "ఆడపిల్లకు అప్పుడే కళ్లజోడా" అని పక్కింటి పెద్దావిడ. రెండో మాటకు పిల్ల ముందే జవాబు చెప్పాను: చూపు సరిగా ఉండటం కంటే ముఖానికి గొప్ప అందం లేదండీ, దీని గురించి ఇంకెప్పుడూ ఇలా అనకండి. ఆవిడ నొచ్చుకున్నారు. అయినా సరే. తొమ్మిదేళ్ల పిల్ల అలాంటి మాట వింటే అద్దాలు సంచిలో దాచుకోవడం మొదలుపెడుతుంది.

అమ్మ మాటకు మాత్రం ఓపికగా కూర్చుని చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే అది కళ్లతో చూసినదాన్ని బట్టి పుట్టిన నమ్మకం. పిల్ల ఎదిగేకొద్దీ కనుగుడ్డు పొడవు పెరుగుతుంది, బొమ్మ కంటి వెనుక తెర అయిన రెటీనాకు ముందే పడుతుంది, పవర్ పెరుగుతుంది. అద్దాలు పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా పెరిగేదే. కానీ అద్దాలు వచ్చిన తరువాతే పెరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి నేరం అద్దాల మీద పడింది. పవర్ కాస్త తగ్గించి ఇస్తే మంచిదని వెనుక డాక్టర్లలోనూ కొందరు అనుకునేవారు. 2002లో మలేసియాలో పిల్లలపై జరిగిన అధ్యయనంలో, తక్కువ పవర్ ఇచ్చిన పిల్లలకే సైటు ఎక్కువ వేగంగా పెరిగింది. సైటు రాకుండా చూసేందుకు తైవాన్ బడుల్లో 2010 నుంచి పిల్లలను రోజుకు 120 నిమిషాలు పగటి వెలుగులో ఆరుబయట ఉంచే కార్యక్రమం నడిపారు. ఇది వినగానే అమ్మ ముఖం వెలిగింది. "అదే కదా నేను చెప్పేది, ఆ ఫోను పక్కన పెట్టి బయటకు పొమ్మని!" ఆ మాట అక్షరాలా నిజం. అప్పటి నుంచి పొద్దున్నే తాతయ్యతో ఎంవీపీ కాలనీ నుంచి అప్పూఘర్ వైపు నడక, కళ్లజోడుతోనే.

అద్దాలు డాబాగార్డెన్స్‌లో చేయించాం. మా నాన్నకు చత్వారం అద్దాలు చేసి ఇచ్చిన కొట్టు అది. "గ్లాసా, ఫైబరా?" అని అడుగుతారు. ఫైబర్ అంటే ప్లాస్టిక్ లెన్సు. పిల్లలకు అంతటితో ఆగకుండా పాలీకార్బోనేట్ కావాలని పేరు పెట్టి అడగండి. అమెరికాలో కళ్లద్దాలు దెబ్బకు తట్టుకోవాలని చట్టం ఉంది: 16 గ్రాముల ఉక్కు గోళీని 127 సెంటీమీటర్ల ఎత్తు నుంచి లెన్సు మీదకు వదిలి పరీక్షిస్తారు. అక్కడ పిల్లలకు ఎక్కువగా పాలీకార్బోనేట్ ఇచ్చేస్తారు, ఇక్కడ మనం చెప్పాలి. పాలీకార్బోనేట్ దెబ్బకు సులువుగా పగలదు గానీ గీతలు త్వరగా పడతాయి, రెండు వైపులా గట్టి పూత ఉండాల్సిందే. మైనస్ రెండు పవర్‌కు ఖరీదైన పలుచటి లెన్సు అక్కర్లేదు. మైనస్ లెన్సు అంచుల దగ్గరే మందంగా ఉంటుంది కాబట్టి చిన్న ఫ్రేము తీసుకుంటే చాలు. నీలి కాంతిని ఆపే పూత గురించి రెండు దేశాల్లోనూ గట్టిగా చెప్పి అమ్ముతారు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2023లో 17 ప్రయోగాలను పరిశీలించి, దానివల్ల కంటి అలసట తగ్గకపోవచ్చని తేల్చింది. ఆ డబ్బుతో పాత ఫ్రేములో కొత్త పవర్ లెన్సులు వేయించి రెండో జత చేయించాను.

ఫ్రేము రంగు పూర్తిగా అమ్మాయి ఇష్టం. ముక్కు దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేదు. డల్లాస్‌లో దొరికే ప్లాస్టిక్ ఫ్రేములు చాలావరకు మన పిల్లల ముక్కు మీద నిలవవు, విశాఖ చెమటకు ఇంకా జారతాయి. జారిన అద్దాల పైనుంచి చూస్తే ఎంత సరైన పవర్ ఉన్నా వృథాయే. మెత్తలు వంచి సర్దుకునే లోహపు ఫ్రేము తీసుకున్నాం. కొట్టు పెద్దాయన దాన్ని మళ్లీ మళ్లీ పెట్టి చూసి, తల ఊపమని, కిందికి వంగమని చెప్పి, చెవి వెనుక కాడలు వేడిచేసి వంచారు. "మళ్లీ వదులైతే రా తల్లీ, డబ్బులేమీ వద్దు" అన్నారు. వెళ్లింది కూడా. స్క్రూ ఎలా బిగించాలో చూపించమని అడిగి నేర్చుకుంది. వదులైన వస్తువు పారేయకుండా బాగు చేయించుకోవచ్చని దానికి ఈ ఊళ్లోనే తెలిసింది. సెలవుల మొదటి వారంలోనే ఆర్డరిస్తే ఇలాంటి సర్దుబాట్లకు వీలుంటుంది.

ఇక శుభ్రం చేయడం. అమ్మమ్మ ప్రేమగా మనవరాలి కళ్లజోడు తీసి, నోటి ఆవిరి పట్టి, చీర కొంగుతో తుడుస్తుంది. అలా చేయకూడదని బడిలో చెప్పారంటూ పిల్ల లాగేసుకుంటే అమ్మ మనసు చివుక్కుమంది. నేను అమ్మ పాత కళ్లజోడు తీసి పిల్ల చేతిలో పెట్టాను. బరువుగా, చల్లగా ఉంది. అది గాజు. ఎన్నో ఏళ్లు కొంగుతో తుడిచినా గీత పడలేదు. అమ్మ అలవాటు అమ్మ అద్దాలకు సరైనదే. ఇప్పటి ప్లాస్టిక్ లెన్సు అంత గట్టిది కాదు, పైన సన్నటి పూతలు కూడా ఉంటాయి. పొడి గుడ్డతో రుద్దితే దాని మీది దుమ్మే గీతలు పెడుతుంది. బీచ్ నుంచి వచ్చాక అయితే ఇసుక, ఉప్పు కూడా. ముందు కుళాయి కింద పట్టాలి, మరీ వేడి నీళ్లు కాకుండా. తరువాత పాత్రలు కడిగే ద్రవం ఒక్క చుక్క వేసి వేళ్లతో రుద్ది, కడిగి, మెత్తటి గుడ్డతో అద్దాలి. పాత్రలు తోమే సబ్బు బిళ్ల వద్దు, అందులో గీతలు పెట్టే పొడి ఉంటుంది. అక్కచెల్లెళ్లతో కూర్చుని గోళ్ల రంగు తుడుచుకునేటప్పుడు కళ్లజోడు దూరంగా పెట్టమని కూడా చెప్పాను, అసిటోన్ తగిలితే పాలీకార్బోనేట్ పాడవుతుంది. టెక్సాస్ ఎండలో కారులో వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. ఆ వేడికి లెన్సు, పూత ఒకేలా వ్యాకోచించవు, పూత సన్నగా బీటలు వారుతుంది. అప్పుడు లెన్సు మార్చడం తప్ప చేసేదేమీ ఉండదు. ఇప్పుడు మా అమ్మే పొద్దున్నే పిల్ల కళ్లజోడు కడిగి పెడుతోంది, పిల్ల అమ్మమ్మ గాజు కళ్లజోడును కొంగుతో తుడుస్తోంది.

కొత్తగా ఇంకో కోరిక మొదలైంది: కంట్లో పెట్టుకునే లెన్సులు. రుషికొండలో అలల్లోకి దిగితే కళ్లజోడు తీసేయాల్సి వచ్చి తనకు ఏమీ కనిపించలేదట. వాదించడానికి తయారై వచ్చింది: 8 నుంచి 12 ఏళ్ల మధ్య మొదలుపెట్టే రోజువారీ లెన్సుకు 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి ఇచ్చిందని చదివిందట. నిజమే, సైటు పెరగడాన్ని నెమ్మదింపజేసే లెన్సు అది. కానీ ఏ లెన్సూ నీళ్లలోకి పెట్టుకుని దిగకూడదు, నీటిలోని సూక్ష్మజీవులు లెన్సు కింద చిక్కుకుంటే కన్ను దెబ్బతింటుంది. అలల కోసమే అయితే పవర్ ఉన్న ఈత కళ్లజోళ్లు దొరుకుతాయి, కంటి వంపులోని తేడాను సరిచేసే సిలిండర్ పవర్ లేకుండా, అర పాయింటు తేడాతో వేర్వేరు పవర్లలో తయారుగా ఉంటాయి. ఈ వేసవికి వాటితో చూద్దామన్నాను. ఒప్పుకుంది, పదేళ్లు నిండాక మళ్లీ మాట్లాడాలని షరతు పెట్టి. సరేనన్నాను.