గండిపేట బురదలో మడమ ఉన్న అడుగు

జనవరిలో పొద్దున్నే హైదరాబాద్ నుంచి లంగర్‌హౌజ్, నార్సింగి దాటి గండిపేట చేరాం. చెరువు నీళ్లు కొంత వెనక్కి తగ్గి, ఒడ్డు పొడుగునా నల్లటి ఒండ్రు పట్టీ తేలింది. 1908 మూసీ వరద తర్వాత కట్టి, 1920లో పూర్తి చేసిన ఉస్మాన్‌సాగర్ ఇదే. రాత్రి నీళ్లకొచ్చినవేవైనా ఈ ఒండ్రులో కాలు పెట్టక తప్పదు. ఎండ ఏటవాలుగా పడే మొదటి గంటన్నరలోనే ఆ జంతువుల అడుగులను చూడాలి. పొద్దెక్కితే అడుగులో నీడ చచ్చిపోయి అంచులు కనబడవు.

కొంగల కాళ్లు, గేదెల గిట్టలు, ఊరకుక్కల వరసలు. వాటిని దాటుకుంటూ పోతే ఒకచోట వేళ్లు, అరికాలు, మడమ అన్నీ దిగిన అడుగు. గేదెలు తోలుకొచ్చిన పెద్దాయన వంగి చూశాడు.

“గిది పిల్లగాని కాలు లెక్కుంది సార్. గోర్లు జూస్తే గింత పొడుగున్నయ్! చిరుతది గాదు గద?”

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2020 మే నెలలో హైదరాబాద్‌లోనే కాటేదాన్ దగ్గర రోడ్డు మీదే చిరుత కనబడింది. కానీ ఈ అడుగు చూడగానే చిరుతను పక్కన పెట్టొచ్చు. పిల్లి, కుక్క జాతులు మునివేళ్ల మీద నడుస్తాయి, మడమ నేలకు ఆనదు. పిల్లిదో కుక్కదో తేలని అడుగైతే గోళ్లను నమ్ముకోవద్దు. గట్టి నేల మీద కుక్క గోళ్లూ సరిగా పడవు, జారే బురదలో పట్టు కోసం పిల్లీ గోళ్లు దించుతుంది. వేళ్ల వెనక అరికాలి మెత్తటి దిమ్మ, అంటే మెత్త, చూడాలి. పిల్లి జాతికి దాని వెనక అంచు మూడు ఉబ్బులుగా ఉంటుంది. కుక్క అడుగులోనైతే మెత్తకూ వేళ్లకూ మధ్య ఖాళీలో అడ్డంగా ఇంటూ గుర్తు గీయొచ్చు.

ముందు ఫొటో. కెమెరా అడుగుకి నిట్టనిలువుగా పైన ఉండాలి, పక్కన స్కేలు పెట్టాలి. స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం చాలు, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. కొలతలోనే చాలామంది తప్పుతారు. మెత్తటి బురదలో అడుగు గోడలు బయటికి ఒరుగుతాయి. పై అంచు నుంచి కొలిస్తే సెంటీమీటరు దాకా ఎక్కువ రావచ్చు, ఊరకుక్క చిరుతైపోయేది అక్కడే. అడుగు లోపల చదునైన నేల ఎక్కడ ఆగి గోడ మొదలవుతుందో అక్కణ్ణుంచి కొలవాలి. అలా కొలిస్తే ఇది ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పొడవు తేలింది.

ఒక్క అడుగు చూసి పేరు చెప్పడం నాకు సమ్మతం కాదు. వరసను తొక్కకుండా పక్కనుంచే వెనక్కి నడిచాం. ఏడెనిమిది అడుగులు పోయేసరికి ముందుకాలు, వెనకకాలు విడివిడిగా పడ్డ జత దొరికింది. ముందుకాలికి నాలుగు వేళ్లు, వెనకకాలికి ఐదు. ఉడుముకైతే నాలుగు కాళ్లకీ ఐదేసి వేళ్లు, వరస మధ్యలో తోక ఈడ్చిన ఒకే గీత వంకరలు తిరుగుతూ పోతుంది. ముంగిస అడుగు ఇందులో సగం కూడా ఉండదు. ఇక్కడ అడుగుల వెనక, పక్కల, సన్నటి గీతలు తెగితెగి ఉన్నాయి, చీపురు పుల్లలు ఈడ్చినట్టు. అవి ముళ్ల గీతలు. ఇది ఏదుపంది.

జాడ పట్టుకుని పైకెక్కితే కందగడ్డ మడి అంచున తవ్విన గుంతలు, కొరికి వదిలేసిన గడ్డలు. ముందుకాళ్ల గోళ్లు అంత పొడుగ్గా ఉండేది ఈ తవ్వకానికే. తొక్కిన చోటే తొక్కడం వల్ల మొదట చూసిన అడుగులో వెనకకాలు ముందుకాలి గుర్తును తినేసింది. అందుకే అది పిల్లవాడి పాదంలా కనబడింది.

తర్వాత అచ్చు తీశాం. అడుగు చుట్టూ ఐదు సెంటీమీటర్ల ఎత్తు అట్టముక్క గుండ్రంగా గుచ్చాలి. అడుగున నీళ్లు నిలిస్తే సిరంజితో లాగేయాలి, గుడ్డతో అద్దితే వేళ్ల గుర్తులు చెదురుతాయి. రెండు గ్లాసుల ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కి ఒక గ్లాసు నీళ్లు. పొడిని నీళ్లలో వేయాలి గానీ నీళ్లను పొడిలో పోయొద్దు, ఉండలు కడుతుంది. గబగబా గిలకొడితే బుడగలు లేచి, అవి గోళ్ల కొనల దగ్గర చేరి గుంటలు పడతాయి. పక్కనున్న నేల మీద పోసి అడుగులోకి పారనివ్వాలి, నేరుగా పోస్తే బురద లేచిపోతుంది. మొదటి అచ్చులో నీళ్లు ఎక్కువై, తీస్తుంటేనే రెండు ముక్కలైంది. రెండోదాన్ని గంటసేపు కదపలేదు. తడి బురదలో అరగంట చాలదు.

బురదతో సహా ఎత్తి పాత పేపర్లో చుట్టాం. ఆ రోజే కడగకూడదు, ప్లాస్టర్ ఇంకా మెత్తగానే ఉంటుంది. రెండో రోజు పాత టూత్‌బ్రష్‌తో మట్టి దులిపితే వెనకకాలి ఐదో వేలు, లోపలివైపు బొటనవేలు, చిన్న బొడిపెలా బయటపడింది. అచ్చు వీపున పెన్సిల్‌తో తేదీ, చోటు, కుడికాలో ఎడమకాలో రాసి పెట్టాం.