కిర్‌స్టెన్ భుజం

పోయిన ఆదివారం మావాడు నెట్స్‌కి వెళ్దాం నాన్నా అని ప్రాణం తీస్తే వెళ్లి త్రోడౌన్స్ వేశా. అంటే బౌలింగ్ యాక్షన్ ఏం ఉండదు, కాస్త దగ్గర్లో నిలబడి బంతి విసురుతూ ఉండటమే. ఓ అరవై వేశానో లేదో భుజం పట్టేసింది, సోమవారం ఆఫీసులో మౌస్ ఎడమ చేత్తో పట్టుకోవాల్సొచ్చింది. రాత్రి బామ్ రాసుకుంటూ కూర్చుంటే గ్యారీ కిర్‌స్టెన్ గుర్తొచ్చాడు. 2008 నుంచి మూడేళ్లు మన టీమ్‌కి కోచ్‌గా ఉండి ఆ మనిషి రోజూ చేసింది ఇదే కదా, సచిన్ లాంటివాళ్లకి చాలు అనేదాకా బంతులు విసరడం.

మా తరానికి కిర్‌స్టెన్ అంటే ముందు విసుగే, అప్పట్లో సౌతాఫ్రికా ఓపెనర్. ఔటయ్యేవాడు కాదు మహానుభావుడు. 1996 ఈడెన్ గార్డెన్స్ టెస్టులో రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు. అదే మ్యాచ్‌లో మన అజ్జూ భాయ్, అదే అజారుద్దీన్, వాళ్ల బౌలర్ క్లూసెనర్‌ని ఒకే ఓవర్లో ఐదు ఫోర్లు బాదాడు, హైదరాబాద్ వాళ్లని అడిగితే అదొక్కటే చెప్తారు, మ్యాచ్ 329 పరుగుల తేడాతో వాళ్లు పట్టుకుపోయిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. 1999లో డర్బన్‌లో ఇంగ్లండ్ మీద ఫాలోఆన్ (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగడం) ఆడుతూ పద్నాలుగున్నర గంటలు నిలబడి 275 కొట్టి, చివరికి పార్ట్‌టైమర్ బుచర్‌కి బౌల్డయ్యాడు. 101 టెస్టులు ఆడి 2004లో మానేశాడు.

కోచ్ ఉద్యోగం ఎలా వచ్చిందో ఆయనే ఒక పాడ్‌కాస్ట్‌లో చెప్పాడు, వింటే నవ్వాగదు. గవాస్కర్ నుంచి మెయిల్ వస్తే ఎవడో ఆటపట్టిస్తున్నాడనుకుని జవాబే ఇవ్వలేదట. ఇంకోటి వచ్చాక సరేనని ఇండియా వచ్చాడు, ఏ ప్రిపరేషనూ లేకుండా ఉత్త చేతుల్తో. హోటల్లో అప్పటి మన టెస్ట్ కెప్టెన్ కుంబ్లే కనపడి ఇక్కడేం చేస్తున్నావ్ అంటే, నీకు కోచింగ్ ఇవ్వడానికి ఇంటర్వ్యూకొచ్చా అన్నాడట, ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. లోపల రవిశాస్త్రి, ఇండియాని ఓడించడానికి మీ టీమ్ ఏం చేసేది అని అడిగితే ఏదో రెండు ముక్కలు చెప్పాడు. మొత్తం ఏడు నిమిషాలు! కాంట్రాక్ట్ కాగితం ముందు పెడితే దాని మీద గ్రెగ్ చాపెల్ పేరుంది. సార్ ఇది పాత కోచ్‌ది అంటే, జేబులోంచి పెన్ను తీసి ఆ పేరు కొట్టేసి ఈయన పేరు రాసిచ్చారట. మన ఆఫీసుల్లో ఫామ్స్ కూడా అంతేగా.

2007 వరల్డ్ కప్‌లో మొదటి రౌండ్లోనే ఇంటికొచ్చిన టీమ్ అది, సచిన్ కూడా ఆట మానేద్దామా అనుకుంటున్న రోజులు. ఈయనొచ్చి క్లాసులు పీకలేదు, ఎవరికి ఎక్కడ ఆడితే సుఖంగా ఉంటుందో అడిగి అక్కడ ఆడనిచ్చాడు, బంతులు విసిరాడు. 2009 డిసెంబర్‌కి టెస్టుల్లో నంబర్ వన్. మొహాలీలో లక్ష్మణ్ నడుం నొప్పితో ఒక్క వికెట్ తేడాతో గెలిపించిన మ్యాచ్, అవతల మన ఓఝా మీద అరుస్తూ బ్యాటెత్తిన మ్యాచ్, అదీ ఈయన హయాంలోదే. వరల్డ్ కప్‌కి ముందు బెంగళూరులో టీమ్‌ని ఫ్లైట్ స్కూల్‌కి పిలిచి, ఫారినర్లు కాబట్టి కిర్‌స్టెన్‌నీ ఇంకో ఇద్దరు స్టాఫ్‌నీ లోపలికి రానివ్వం అంటే ధోనీ మొత్తం ప్రోగ్రామే క్యాన్సిల్ చేశాడు. 2011 ఏప్రిల్ 2 రాత్రి వాంఖడేలో కప్పు గెలిచాక కుర్రాళ్లు ఈయన్ని భుజాల మీద మోశారు, మా హాస్టల్లో టీవీ ముందు అరుపుల్లో నేనది చూడనేలేదు, తర్వాత ఫొటోల్లో చూశా.

మరి కోచ్ గొప్పా ప్లేయర్లు గొప్పా అంటే, నాకు తెగదు. 2012లో సౌతాఫ్రికానీ నంబర్ వన్ చేశాడు కదా, అది గాలివాటం కాదు. కానీ 2024లో పాకిస్తాన్‌కి వెళ్తే ఆర్నెల్లు తిరక్కుండానే రాజీనామా, ఒక్క వన్డేకి కూడా కోచ్‌గా నిలబడలేదు, టీమ్ సెలెక్షన్లో మాట లేకుండా చేశారని అప్పట్లో వార్తలొచ్చాయి. మనిషి అదే, భుజమూ అదే.

మావాడు నిన్న బ్యాట్‌కి కొత్త గ్రిప్పు వేయించుకొచ్చాడు. ఈ ఆదివారం నలభైకి మించి వేయనని ముందే చెప్పేశా, నాన్నా వంద అంటున్నాడు, బేరం నడుస్తోంది.