గాజువాక ఎండకి తగ్గ ఫ్యాన్ కర్వ్: నా అనుభవం

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తారు. సి షిఫ్ట్ పడిన వారం రాత్రంతా డ్యూటీ చేసి, పొద్దున్నే గాజువాకలో ఇంటికొచ్చి, టిఫిన్ తిని హాల్లోనే పడుకుంటారు. నా కంప్యూటర్ ఉన్నదీ ఆ హాల్లోనే. నాది వీడియో ఎడిటింగ్ పని. రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని తుది ఫైల్‌గా తయారుచేయడం) పెట్టగానే క్యాబినెట్ ఫ్యాన్లు మూడూ హోరెత్తేవి. నాన్న ఏమీ అనేవారు కాదు, తువ్వాలు చెవులమీదుగా చుట్టుకుని గోడవైపు తిరిగేవారు. చివరికి అమ్మే అంది: "ఆ మోత తగ్గే దారేదో చూడరా, ఆయనకి నిద్ర చాలట్లేదు."

ద్వారకానగర్‌లో తెలిసిన షాపులో సెకండ్‌హ్యాండ్ కోర్సెయిర్ కమాండర్ ప్రో దొరికింది. ఫ్యాన్ల వేగాన్ని అదుపుచేసే చిన్న పెట్టె ఇది. ఆరు ఫ్యాన్లు, నాలుగు టెంపరేచర్ ప్రోబ్‌లు (వేడిని కొలిచే సెన్సార్లు) తగిలించుకోవచ్చు. కరెంటు సాటా కేబుల్ నుంచి, కంప్యూటర్‌తో మాట్లాడేది యూఎస్‌బీ మీద. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఐక్యూ లైనక్స్‌కి లేదు, నేను వాడేది ఉబుంటూ అనే లైనక్స్. అయినా ధైర్యంగా కొన్నాను. లైనక్స్ కెర్నెల్ (ఆ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) 5.9 నుంచీ దీనికి కోర్సెయిర్-సీప్రో అనే డ్రైవర్ ఉందని ముందే చూసుకున్నాను.

బిగించి ఆన్ చేసి టెర్మినల్‌లో 'సెన్సార్స్' అని కొట్టాను. మూడు ఫ్యాన్ల ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నాయో), ప్రోబ్‌ల టెంపరేచర్లు, 12, 5, 3.3 వోల్టుల లైన్ల రీడింగులు అన్నీ వచ్చేశాయి. డ్రైవర్ ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే! ఎవరో తమ తీరిక సమయంలో రాసిన డ్రైవర్ మా ఇంట్లో ఇలా పనిచేస్తుంటే నిజంగా సంతోషమేసింది.

తర్వాతే టెన్షన్. కెర్నెల్ ఈ రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్‌లో, మొదటి ఫ్యాన్ వేగాన్ని అదుపుచేసే పీడబ్ల్యూఎం1 అనే ఫైల్ తెరిస్తే 'నో డేటా అవైలబుల్' అని ఎర్రర్. పెట్టె పాడైందేమో, షాపులో వెనక్కి తీసుకోరేమో అని ఒక పూటంతా మథనపడ్డాను. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఒక్క వాక్యం ఉంది: ఆ విలువ మనం నేరుగా సెట్ చేస్తేనే చదవడానికి వీలవుతుంది. అంటే ముందు రాయాలి, తర్వాతే చదవాలి. స్కేలు 0 నుంచి 255 వరకు. 128 రాశాను. ముందువైపు ఫ్యాన్ హోరు మెల్లగా దిగి, సన్నటి గాలి చప్పుడు మాత్రం మిగిలింది. మళ్ళీ ఫైల్ తెరిస్తే ఈసారి అంకె కనబడింది.

చేత్తో అంకెలు రాస్తూ కూర్చోలేం కదా. వేడిని బట్టి వేగం దానంతటదే మారాలి. దానికి లిక్విడ్‌సీటీఎల్ వాడాను. ఇది పైథాన్‌లో రాసిన ఓపెన్‌సోర్స్ టూల్. 'ఇనిషియలైజ్' కమాండ్ ఇస్తే ఏ పోర్టు ఏ మోడ్‌లో ఉందో చెబుతుంది. మూడో ఫ్యాన్ ఏం చేసినా ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుండడానికి కారణం అక్కడ దొరికింది. ఆ పోర్టు పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంది, అంటే వేగాన్ని వోల్టేజీతో కాక విడి సిగ్నల్‌తో అదుపుచేసే మోడ్. క్యాబినెట్ తెరిచి టార్చి వేసి చూస్తే ఆ ఫ్యాన్‌కి వైర్లు మూడే. నాలుగో వైరు ఉంటేనే పీడబ్ల్యూఎం సిగ్నల్ వెళ్తుంది. మూడు వైర్ల ఫ్యాన్‌ని వోల్టేజీ తగ్గించే నెమ్మదింపజేయాలి. ఫ్యాన్-మోడ్‌లో ఆ పోర్టుకి డీసీ (వోల్టేజీతో అదుపుచేసే మోడ్) అని ఇవ్వగానే అదీ మాట విన్నది.

అసలు పాఠం నేర్చుకున్నది కర్వ్ దగ్గర. ఏ డిగ్రీకి ఎంత ఆర్‌పీఎం అని చెప్పే పట్టికే కర్వ్, అందులో ఆరు జతల వరకు ఇవ్వొచ్చు. నేను మొదట ఎక్కడో చూసిన కర్వ్‌ని యథాతథంగా పెట్టాను, అది 25 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. మోత ఏమాత్రం తగ్గలేదు. ఎందుకో అర్థం కాక రెండర్ ఆపేసి, గాలి లోపలికొచ్చే చోట పెట్టిన ప్రోబ్ చూశాను: 34.2. అది గది వేడి! మే నెలలో మధ్యాహ్నం మా హాలే అంత ఉంటుంది, పైగా సముద్రపు ఉక్కపోత. ఆ కర్వ్ రాసినవాళ్ళ గది చల్లటిది. మన ఊళ్ళో అది పెడితే ఫ్యాన్‌కి విశ్రాంతే ఉండదు.

అప్పుడు ప్రోబ్‌ని వేడిగాలి బయటికెళ్ళే వెనుక ఫ్యాన్ పక్కన అతికించి, రెండు రోజులు అంకెలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఖాళీగా ఉంటే 37, రెండర్‌లో 45 దాకా. కొత్త కర్వ్: 37కి 700 ఆర్‌పీఎం, 41కి 850, 45కి 1050, 50కి 1500. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌ని మాత్రం ముట్టుకోలేదు, అది బయోస్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) చేతిలోనే ఉండాలి. ఎందుకంటే ఈ పెట్టెకి తెలిసేది దానికి తగిలించిన ప్రోబ్ వేడే, ప్రాసెసర్ వేడి దానికదిగా తెలియదు. అదీ కలపాలంటే కూలర్‌కంట్రోల్ అనే మరో ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్ ఉంది. నాకు అంత అవసరం పడలేదు.

కరెంటు పోయి వచ్చినా సెట్టింగులు పోకుండా, బూట్ అవగానే ఈ కమాండ్లు నడిచేలా చిన్న సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రాముల్ని వాటంతటవే మొదలుపెట్టేది) సర్వీసు రాశాను. రెండు ప్రొఫైళ్ళు ఉంచాను, ఒకటి మామూలు రోజులకి, ఇంకొకటి సి షిఫ్ట్ వారానికి. రెండోదాంట్లో 45 దగ్గర కూడా 900 దాటదు, బదులుగా రెండర్ పెట్టేటప్పుడు క్యాబినెట్ పక్క తలుపు తీసి ఉంచుతాను. ఈ సోమవారం నుంచి నాన్నకి మళ్ళీ సి షిఫ్ట్. నిన్న రాత్రే ప్రొఫైల్ మార్చి పడుకున్నాను.