పాత ఇన్నోవా కొనేటప్పుడు ఏం చూశాను: నా అనుభవం

పదేళ్లు దాటిన డీజిల్ టొయోటా ఇన్నోవాకి ఏడు లక్షలు పెడతానంటే మా చుట్టాల్లో తలా ఒక మాట అన్నారు. మేం విజయవాడలో ఉంటాం. ఇంట్లో ఆరుగురం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, బస్సు ఎక్కలేదు. నూజివీడు దగ్గర మా ఊరికి అందరం కలిసి తరచూ వెళ్లిరావాలి. ఏడుగురు పట్టే కొత్త బండి కొనే స్తోమత ప్రస్తుతానికి లేదు. అందుకే సెకండ్ హ్యాండ్, అందులోనూ ఇన్నోవానే అనుకున్నాను. 2005లో మన దేశంలోకి వచ్చి, 2016లో దాని కొత్త మోడల్ క్రిస్టా వచ్చేదాకా అమ్ముడైన ఆ మొదటి తరం బండి.

మా బావ స్విఫ్ట్ డీజిల్ నడుపుతాడు. "జపాన్ బండే కావాలంటే మారుతీ చాలదా? ఎర్టిగా తీసుకో, మెయింటెనెన్స్ తక్కువ" అన్నాడు. మావయ్యది 2010 నాటి హోండా సిటీ, పెట్రోల్. "ఇంజిన్ అంటే హోండాదేరా. ఇన్నేళ్లూ టైర్లూ బ్యాటరీ తప్ప పెద్ద ఖర్చే తగల్లేదు" అని ఆయన ధీమా. మా ఆఫీసులో సీనియర్ ఒకాయన ఈమధ్యే కియా సెల్టోస్ కొన్నారు. "మన పెనుకొండలో కియాలు తయారవుతుంటే ఇంకా జపాన్ జపాన్ అంటారేంటండీ" అన్నారాయన.

ముగ్గురి మాటలూ విన్నాక నాకు తట్టింది ఒకటే. మనం "జపాన్ బండి" అని దేన్ని అంటున్నాం? బావ స్విఫ్ట్ మీద ఉన్నది సుజుకీ బ్యాడ్జే గానీ, బానెట్ కింద ఉన్నది ఇటలీ వాళ్ల ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజిన్. మారుతీ దాన్ని లైసెన్సు తీసుకుని ఇక్కడే తయారు చేసింది. 2020లో డీజిల్ కార్లు ఆపేసేదాకా అమ్మింది. అదే ఇంజిన్ ఫియట్ పుంటోలో ఉంది, టాటా విస్టాలోనూ వచ్చింది. నిస్సాన్ టెర్రానో చూస్తే రెనో డస్టర్‌కి ఇంకో మొహం, దాని డీజిల్ ఇంజిన్ కూడా రెనోదే. టొయోటా గ్లాంజా అంటే సుజుకీ బాలెనోనే. ఈ లెక్కన బ్యాడ్జి చూసి దేశం పేరు చెప్పేస్తే సగం విషయం కూడా తెలియదు.

మరి బావ బండి ఇన్నేళ్లు ఎలా మన్నింది? ఆయిల్ టైముకి మారుస్తాడు. ఆ ఇంజిన్ ఊరూరా తిరుగుతోంది కాబట్టి ఏ సెంటర్లో ఆగినా పార్టు దొరుకుతుంది, విప్పి బిగించడం తెలిసిన మెకానిక్కూ దొరుకుతాడు. దీనికి ఎదురు ఉదాహరణ ఒకప్పటి మిత్సుబిషి పజెరో. ఎంత గట్టి బండో అందరికీ తెలుసు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఇక్కడ అమ్మేవారు. ఆ అమ్మకాలు ఆగిపోయాక, ఉన్నవాళ్లకు పార్టుల కోసం వెతుకులాటే పెద్ద పని అయింది. బండి గట్టిదైనంత మాత్రాన సరిపోదు, దానికి చుట్టూ ఒక ఊరంత మనుషులుండాలి. ఇన్నోవాకి మన దగ్గర అది ఉంది. ట్రావెల్స్ వాళ్లు తిరుమల ఘాట్ దగ్గర్నుంచి శ్రీశైలం ఘాట్ దాకా పగలూ రాత్రీ తిప్పిన బండి కదా. కింద లారీకి ఉన్నట్టు ఛాసిస్ ఫ్రేమ్, పవర్ వెనక చక్రాలకి. 2494 సీసీ ఇంజిన్ నుంచి తీసుకున్నది సుమారు 100 హార్స్‌పవరే, అందుకే ఇంజిన్ మీద ఒత్తిడి తక్కువ. కియా మీద నాకే వ్యతిరేకతా లేదు. కానీ పెనుకొండ ప్లాంటు నుంచి కార్లు రావడం మొదలైంది 2019లో. మూడు నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఇన్నోవా దగ్గర జవాబు రోడ్డు మీదే కనిపిస్తుంది. కొత్తవాటి జవాబు కోసం ఇంకొన్నేళ్లు ఆగాలి.

మావయ్యను మాత్రం ఒక్కటి అడిగాను, ఎయిర్‌బ్యాగ్ రీకాల్ పని చేయించారా అని. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. బ్యాగును ఉబ్బించే అమ్మోనియం నైట్రేట్ మందు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, యాక్సిడెంట్ అయినప్పుడు మరీ గట్టిగా పేలి, ఇనుప ముక్కలు మనిషి మీదికి వస్తాయి. ప్రపంచమంతా కోట్ల కార్లు రీకాల్ చేశారు, ఆ కంపెనీ 2017లో దివాలా తీసింది. మన దేశంలో హోండా వాళ్లు కూడా పాత సిటీలను పిలిచి ఉచితంగా మార్చారు. కోస్తాలో ఉండేవాళ్లకు వేడీ తేమా రెండూ ఉన్నాయి, కాబట్టి ఆ కాలపు కారు ఉన్నవాళ్లు ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్లో ఒకసారి చూసుకోవాలి. మావయ్య బీరువాలోంచి లావుపాటి ఫైలు తీశారు. ఎయిర్‌బ్యాగ్ మార్చిన కాగితం అందులో ఉంది. 2010 నుంచి ప్రతి సర్వీసు బిల్లూ తేదీల వారీగా ఉంది. ఆ ఫైలు చూశాక నాకు ధైర్యం వచ్చింది. నేను కొనాల్సింది ఇన్నోవా ఒక్కటే కాదు, ఇలాంటి ఫైలు ఉన్న మనిషి నడిపిన ఇన్నోవా.

మొదట అందరికీ తగిలే ఆశ ఢిల్లీ బండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ దాన్నే నిలబెట్టింది. అందుకని అక్కడివాళ్లు ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తీసుకుని బయటి రాష్ట్రాలకు అమ్మేస్తూ వచ్చారు. ఫొటోల్లో మెరిసిపోతాయి, ధర ఇక్కడికంటే బాగా తక్కువ. నేను కూర్చుని లెక్క వేశాను. అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ రావాలి. ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరుకు అప్లై చేయాలి. బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ ఇక్కడ మళ్లీ కట్టాలి. ట్రాన్స్‌పోర్టూ బ్రోకరు కమీషనూ కలిపితే తేడాలో చాలా భాగం కరిగిపోతుంది. వీటన్నిటికంటే ముఖ్యం, ఆ బండి ఎవరు ఎలా నడిపారో చెప్పే మనిషి ఇక్కడ ఉండడు. అందుకే వదిలేశాను.

తర్వాత సిటీలోనే పాత కార్లు అమ్మిపెట్టే ఒక కన్సల్టెన్సీలో వైట్ ఇన్నోవా చూపించారు. రీడింగ్ లక్షా ఇరవై వేలు. సీటు కవర్లు కొత్తవి, పాలిష్ కొట్టి ఉంది. నాతో వచ్చిన మెకానిక్ అన్న ఆటోనగర్లో ఇరవై ఏళ్లుగా టొయోటా బండ్లే చేస్తున్నాడు. ఆయన స్టీరింగ్ ముందు కూర్చోకుండా తలుపు తీసి కింద కూర్చున్నాడు. బ్రేక్ పెడల్ రబ్బరు కుడి అంచు అరిగి ఇనుము కనపడుతోంది. "లక్షా ఇరవైకి ఇంత అరగదు తమ్ముడూ" అన్నాడు. బానెట్ లేపి టైమింగ్ బెల్ట్ కవర్ మీద మసి తుడిచాడు. అక్కడ ఎప్పుడో అంటించిన చిన్న స్టిక్కర్ ఉంది, బాల్‌పెన్నుతో రాసింది. బెల్ట్ మార్చిన రీడింగ్ 2,98,000. మీటర్ తిప్పినవాళ్లు దాన్ని చూసుకోలేదు. పైగా ఆర్‌సీ పాత వివరాలు చూస్తే ఒకప్పుడు ట్యాక్సీ ప్లేటు. మూడు లక్షలు తిరిగిన ఇన్నోవా కొనకూడదని కాదు, ఎంతోమంది కొని హాయిగా తిప్పుకుంటున్నారు. మూడు లక్షలని చెప్పి ఆ ధరకే ఇస్తే అది వేరే సంగతి. అబద్ధం చెప్పి అమ్మే బండిలో ఇంకేం దాచారో ఎవరికి తెలుసు?

విజయవాడలో బండి కొనేవాళ్లు ఇంకొకటి తప్పనిసరిగా చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు నీళ్లలో నానాయో మనం కళ్లారా చూశాం. వాటిలో కొన్ని కడిగి తుడిచి మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. నీళ్లలో మునిగిన బండికి టొయోటా అయినా హోండా అయినా ఒకటే గతి, వైరింగు కనెక్టర్లు లోపల్నుంచి పచ్చబడి ఒక్కోటీ మొరాయిస్తాయి. అన్న నేర్పిన పద్ధతి తేలిక. సీటు బెల్టును చివరిదాకా లాగాలి. నీళ్లు ఎక్కిన బండి అయితే ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి భాగంలో బురద చార ఉంటుంది. సీటు పట్టాల కింద, స్టెప్నీ గూట్లో వేలు పెట్టి చూడాలి. కార్పెట్ లేపి వాసన చూడాలి. మేం చూసినవాటిలో ఒకదాని బెల్టు మీద ఆ చార కనపడింది. అమ్మేవాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేశాం.

చివరికి బండి దొరికింది గుడివాడలో. రిటైరైన హెడ్మాస్టారిది, 2013 మోడల్, రీడింగ్ లక్షా తొంభై వేల దగ్గర. పిల్లలు విదేశాల్లో ఉన్నారు, ఇక నడపలేనని అమ్ముతున్నారు. ఫోన్లో బేరం మాట్లాడకముందే ఆయన "బాబూ, బిల్లులన్నీ ఉన్నాయి, వచ్చి చూసుకోండి" అన్నారు. నాకు కావలసిన మాట అదే.

ముందురోజు ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని మాస్టారిని అడిగాను. వేడెక్కిన ఇంజిన్ చాలా జబ్బులు దాచేస్తుంది. వెళ్లగానే అన్న బానెట్ మీద చెయ్యి వేసి చల్లగా ఉందని చూసుకుని, అప్పుడు తాళం తిప్పాడు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఇంజెక్టర్ల ఖర్చు ఉన్నట్టట, ఇక్కడ అది లేదు. ఇంజిన్ తిరుగుతుండగానే ఆయిల్ పోసే మూత తీసి చూశాడు. లోపల్నుంచి పొగ గుప్పుగుప్పున కొడితే పిస్టన్ రింగులు అరిగినట్టు. దీంట్లో కొద్దిగా ఆవిరి తప్ప ఏమీ లేదు. కూలెంట్ డబ్బాలో కంపెనీ గులాబీ రంగు ద్రవమే ఉంది. తుప్పు రంగు నీళ్లుంటే కుళాయి నీళ్లు పోసి నడిపారని అర్థం. జాకీ మీద లేపితే ముందు చక్రాల దగ్గరి లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు పోయినట్టు తెలిసింది, వెనక ఏసీ కూలింగ్ సరిగ్గా లేదు. ఈ వయసు బండికి రెండూ మామూలే, ఆ మేరకు ధర తగ్గించమని అడిగాం. మాస్టారు కాదనలేదు. టైమింగ్ బెల్ట్ లక్షన్నర దగ్గర మార్చిన బిల్లు ఫైల్లో ఉంది. ఆ బిల్లు లేకపోతే అదీ ఖర్చులో కలుపుకోవాలి, ఎందుకంటే బెల్ట్ తెగితే ఇంజిన్ పోయినట్టే. అయినా మాస్టారిని వెంటబెట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, బండి నంబరు మీద ఉన్న పాత రికార్డూ బిల్లుల్లోని రీడింగులూ సరిచూసుకున్నాం. రెండూ కలిశాయి. అప్పుడే బయానా ఇచ్చాను.

బండి దొరకడం కంటే కాగితాల దగ్గరే ఎక్కువ టెన్షన్ పడ్డాను. మాస్టారు లోన్ ఎప్పుడో తీర్చేశారు, కానీ ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. అది తీయించనిదే బండి నా పేరుకు మారదు. బ్యాంకు ఇచ్చిన పాత ఎన్ఓసీ ఉంది గానీ దాని గడువు దాటిపోయింది. బ్రాంచికి వెళితే లోన్ పాతది, ఫైలు వేరే ఊరి ఆఫీసులో ఉందన్నారు. మాస్టారు ఓపిగ్గా నాతోపాటు కౌంటర్ల చుట్టూ తిరిగారు. లోన్ క్లోజ్ అయినట్టు ఆనాడు ఇచ్చిన ఉత్తరం ఆయన ఫైల్లో ఉండబట్టే పని ముందుకు కదిలింది. కొత్త ఎన్ఓసీ వచ్చాక ఫారం 35 మీద బ్యాంకు సంతకం, ముద్ర వేయించుకున్నాం. ఆ తర్వాత బండి నా పేరుకు మార్చే ఫారం 29, 30. పెండింగ్ చలానాలు చూసి కట్టేశాం. మిగతా డబ్బు మాత్రం బ్యాంకు పేరు తీసేందుకు కాగితాలు సిద్ధమయ్యాకే ఇస్తానని నేను ముందే చెప్పాను, మాస్టారు సరేనన్నారు. కొనే ప్రతివాళ్లూ ఈ షరతు మొహమాటం లేకుండా పెట్టుకోవాలి.

ఇన్సూరెన్స్ విషయంలో చాలామంది అశ్రద్ధ చేస్తారు. బండి చేతులు మారిన 14 రోజుల్లో పాలసీ మన పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. లేకపోతే మన బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతాం. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆయనతోనే వెళ్లిపోతుంది, మనకు రాదు, ఆ తేడా మనం కట్టాలి. అది ముందే తెలుసు కాబట్టి బడ్జెట్లో పెట్టుకున్నాను.

ఆర్‌సీ నా పేరు మీద వచ్చాక బండిని నేరుగా ఆటోనగర్ తీసుకెళ్లాను. బుష్‌లు, వెనక కూలింగ్ కాయిల్, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్పించాను. బండి బాగుంది కదా, తర్వాత చూద్దాంలే అంటే పేరున్న బండి కూడా పాడవుతుంది. మావయ్య వచ్చి ఒక రౌండు నడిపి, క్లచ్ కొంచెం బరువుగా ఉందన్నారు, ఇంజిన్‌ని మాత్రం మెచ్చుకున్నారు. బావ ఇప్పటికీ ఎర్టిగానే తెలివైన పని అంటాడు. చిన్న కుటుంబమై, ఎక్కువగా సిటీలోనే తిరిగేవాళ్లకు అతని మాట నిజం, నేనూ ఒప్పుకుంటాను. గతుకుల మట్టిరోడ్డు మీద నిండా మనుషులతో వెళ్లే మాకు ఇదే సరైనదని నా నమ్మకం.

2013 రిజిస్ట్రేషన్ కాబట్టి 2028కి పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఫారం 25తో రెన్యువల్, బండిని తీసుకెళ్లి ఇన్‌స్పెక్షన్ చేయించడం ఉంటాయి. పాసైతే ఇంకో అయిదేళ్లు. 2022 నుంచి కేంద్రం కారు రెన్యువల్ ఫీజును 5,000 రూపాయలు చేసింది, దీనిపైన గ్రీన్ ట్యాక్స్ వేరే. అప్పటికి ఛాసిస్‌కి తుప్పు పట్టకూడదు. వానలు మొదలయ్యేలోగా కింద కడిగించి యాంటీ రస్ట్ కోటింగ్ వేయించాలని అన్నతో మాట్లాడి పెట్టుకున్నాను.