రేకు కప్ప, ఛెనా ముక్క

మార్గశిరం, మొదటి గురువారం. రాత్రి 9.30.

పొద్దున్న నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. కళ్ళు తెరవగానే దేవుడికి దండం పెట్టుకోవాల్సింది పోయి, మా కుక్క దొర ఎక్కడున్నాడా అని అరుగు మీదికి తొంగి చూశాను. గోనె మీదే ఉన్నాడు, ముక్కు తోకలో దూర్చుకుని. హమ్మయ్య.

పోయినేడు ఇదే గురువారం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మాకూ పక్కింటి ఒడియా మావుసీ వాళ్ళకూ అరుగు ఒక్కటే, మధ్యలో గోడ లేదు. వాళ్ళకి మానబసా అనే లక్ష్మీపూజ, మాకు లక్ష్మివారం పూజ. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఈ నెలంతా ఇంతే, ఏ ఇంటి ముందు చూసినా బియ్యప్పిండే. మావుసీ తెల్లారకుండానే ఝోటి, అంటే తడి పిండి ముగ్గు, వేసి, వీధి మెట్టు నుంచి దేవుడి గూటి దాకా లక్ష్మీదేవి పాదాలు దిద్దింది. మా దొర నిద్రలేచి, ముందుకాళ్ళు బారచాపి ఒళ్ళు విరుచుకున్నాడు, సరిగ్గా ఆ తడి పిండిలో. ఆపైన తాపీగా వీధిలోకి నడిచాడు. అమ్మవారి పాదాలు లోపలికి, వీడి పాదాలు బయటికి! మావుసీ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

రెండేళ్ళ కిందట వానల్లో, మహేంద్రతనయ వంతెన దగ్గర దొరికాడు. దొరికాడు కాబట్టి దొర అని మావాడు పేరు పెట్టాడు. గోధుమరంగు ఒళ్ళు, నిక్కిన చెవులు, చుట్టుకున్న తోక. అచ్చమైన ఊరకుక్క. ఆ గొడవ తర్వాత ఒక ట్రైనర్‌ని పిలిచాం. ఆయన గొలుసు గుంజుతూ "సిట్, సిట్" అని గంటసేపు అరిచాడు. దొర ఆవులించాడు. "మొండి జాతి మేడమ్, బుర్ర ఉండదు" అని డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు.

బుర్ర లేకపోవడమేమిటి! గేటు గడియ ముక్కుతో ఎత్తి బయటికి పోయే కుక్క వీడు. లాబ్రడార్ లాంటివాటిని మనిషి తన పనికోసం తరతరాలుగా ఏరి పెంచాడు కాబట్టి మాట పడగానే చేస్తాయి. ఊరకుక్కని అలా ఎవరూ ఏరి పెంచలేదు. ఆఫ్రికా బసెంజీ, ఆస్ట్రేలియా డింగో కుక్కల్లాగే ఇదీ పాతకాలపు రకం, తన తిండి తానే చూసుకుని బతికొచ్చింది. మనం చెప్పేది తెలియక కాదు, చేస్తే నాకేంటి అని చూస్తుంది. మనిషి సైగ కూడా దానికి బాగానే తెలుసు. కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్సు పరిశోధన సంస్థ వాళ్ళు వీధికుక్కలకి గిన్నెల వైపు వేలు చూపించి పరీక్ష చేశారు. ఏ శిక్షణా లేకుండానే, దగ్గరికి వచ్చిన కుక్కల్లో చాలావరకు ఆ వేలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్ళాయట. 2020లో పేపర్లలో వచ్చింది.

అందుకని ఈసారి వాడికి కొత్తగా ఏమీ నేర్పకూడదనుకున్నాను. వాడంతట వాడు చేసేదానికే కూలి ఇద్దామని. స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1951లోనే ఇది రాశాడు, కావాల్సిన పని చేసిన క్షణాన టిక్కుమనిపించి తిండి పెడితే జంతువు నేర్చుకుంటుందని, దానికి పిల్లలు ఆడుకునే టిక్కుటిక్కు బొమ్మ ఉంటే చాలని. మా ఇంట్లో రథయాత్ర తిరనాళ్ళలో కొన్న, నొక్కితే టిక్కుమనే రేకు కప్ప ఉంది. కార్తీకం మొదట్లో పని మొదలుపెట్టాను. కార్తీకంలో మా ఇంట్లో గుడ్డు రాదు కాబట్టి చక్కెర కలపని ఛెనా, అదే విరిగిన పాల ముద్ద, శనగగింజంత ముక్కలు. మొదటి రెండు రోజులూ ఊరికే కప్పని నొక్కడం, ముక్క పెట్టడం. టిక్కుమంటే తిండి అని వాడి బుర్రకెక్కాక, అరుగు మూల గోనె పరిచి కూర్చున్నాను. వాడు రోజుకి ఎన్నిసార్లు పడుకుంటాడో! పడుకున్నప్పుడల్లా టిక్, ముక్క.

మొదటి వారం తప్పంతా నాదే. ఒక క్షణం ఆలస్యంగా నొక్కేదాన్ని, అప్పటికి వాడు లేస్తూ ఉండేవాడు. లేచినందుకు కూలి దొరుకుతోందని వాడు లెక్క వేసుకున్నాడు. పడుకోవడం, లేవడం, నా మొహం చూడడం, మళ్ళీ పడుకోవడం. దండాలు తీసే పహిల్వాన్‌లా తయారయ్యాడు. అత్తయ్య నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. మోచేతులు నేలకి తగిలీ తగలగానే నొక్కడం నాకు అలవాటయ్యాక గానీ వాడు కుదురుకోలేదు. అలా తనంతట తనే గోనె మీదికి వచ్చి పడుకోవడం మొదలెట్టాక, ముందు "గోనె" అని చెప్పి అప్పుడు పడుకుంటేనే ముక్క. చెప్పకుండా పడుకుంటే ఏమీ లేదు. దానికి రెండు రోజులు అలిగాడు.

ఇవాళ పరీక్ష. అయిదుకి మావుసీ పిండి గిన్నెతో వచ్చింది. నన్నూ దొరనీ మార్చి మార్చి చూసి, పాత గుడ్డ పిండిలో ముంచింది. "గోనె" అన్నాను. వాడు వెళ్ళి పడుకున్నాడు. మావుసీ ఉంగరం వేలితో వరికంకులు గీస్తుంటే, గడ్డం కాళ్ళ మీద పెట్టుకుని ఆ వేలు ఎటు పోతే అటు కళ్ళు తిప్పుతున్నాడు. అయిదు నిమిషాలు, పది, పావుగంట. మధ్యమధ్య వెళ్ళి ముక్క పెడుతున్నాను. "బోహూ, వీడు మారిపోయాడే" అంది మావుసీ. నాకు నిజంగానే గర్వం వచ్చింది.

అప్పుడు ఇంట్లోంచి టిక్కుమని వినిపించింది.

మావాడు లేచాడు. కిటికీ మీద కప్ప కనిపించింది, నొక్కాడు. అంతే. దొర బాణంలా లేచి, వరికంకుల మీదుగా, అమ్మవారి పాదాల మీదుగా వంటింట్లోకి దూసుకుపోయాడు. దొరని ఏమనను? టిక్కుమంటే ముక్క పెడతానని నెల రోజులు మాట ఇచ్చింది నేనే. ఏడుపు మొహంతో వెళ్ళి, ఇవ్వాల్సిన ఛెనా ముక్క ఇచ్చేశాను.

తిరిగి వచ్చేసరికి మావుసీ ఇంకా వంగే ఉంది. తుడిచేస్తుందనుకున్నాను. దొర అడుగు పడిన చోటల్లా చుట్టూ రేకులు గీసి పద్మం చేసేస్తోంది. ఏడు పద్మాలు. "పోయినేటికంటే నయం కదా, ఈసారి లోపలికే వెళ్ళాడు" అంది, తల ఎత్తకుండానే.

తర్వాత బడి, దిద్దాల్సిన నోట్సులు, సాయంత్రం గంట కరెంటు లేదు. రాసేంత ఏమీ లేదు. కప్పని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఏడింటికి మావుసీ వాళ్ళ గుమ్మంలో ప్రసాదం పిండివంట మండా పిఠా పళ్ళెంతో కనిపించింది. వాళ్ళింట్లో ఈ పూజ ప్రసాదం గడప దాటనివ్వరు, మాకెప్పుడూ పెట్టదు, మేమూ అడగం. దొర అరుగు మీద ముందుకాళ్ళు చాపి ఒళ్ళు విరిచాడు, అచ్చం దండం పెట్టినట్టే. మావుసీ ఒకసారి వీధి వైపు, ఒకసారి పళ్ళెం వైపు చూసుకుంది. తర్వాత గడప లోపల నేల మీద వేలు పెట్టి చూపించి, చిన్నగా పిలిచింది.

"ఆ, బస."

వెళ్ళి కూర్చున్నాడు. ఒడియా ఎప్పుడు నేర్చుకున్నాడో మరి!