ఎక్స్‌ట్రాల కాలమ్: ఓడిపోయే బేస్‌బాల్ టీమ్‌తో నా రెండేళ్లు

2022 ఆగస్టులో ఎమ్మెస్ చేయడానికి మిస్సోరీ వచ్చినప్పుడు నాకు కావాల్సింది ఒక్కటే, ఆన్ క్యాంపస్ జాబ్. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే పని చేయనిస్తారు, అదీ క్యాంపస్ లోపలే. డైనింగ్ హాల్లో ప్లేట్లు కడిగే పని, లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని సీనియర్లు అప్పటికే పట్టేశారు. అథ్లెటిక్స్ ఆఫీసు తలుపు మీద మాత్రం ఒక కాగితం మిగిలి ఉంది. బేస్‌బాల్ టీమ్‌కి స్టూడెంట్ మేనేజర్ కావాలట, ఎక్సెల్ వచ్చి ఉండాలట. ఎక్సెల్ వచ్చు. బేస్‌బాల్ అంటే మాత్రం తెనాలిలో మాకు తెలిసింది సినిమాల్లో రౌడీల చేతిలో ఉండే బ్యాటే.

కోచ్ గారికి అరవై దగ్గర పడి ఉంటాయి. క్రికెట్ ఆడావా అని అడిగారు. ఆడాననీ, ఆడినదానికంటే స్కోరు రాసిందే ఎక్కువనీ చెప్పాను. సంక్రాంతి టోర్నమెంట్లకు మా ఊళ్ళో స్కోరర్‌ని నేనే. ఆయనకు సంక్రాంతి తెలియదు కానీ స్కోరర్ అన్న మాట పట్టుకున్నారు. "అయితే సోమవారం నుంచి వచ్చేయ్" అన్నారు.

అంతకుముందు సీజన్లో మా టీమ్ యాభై మ్యాచులాడి పదకొండు గెలిచింది. అమెరికా కాలేజీ ఆటల్లో మూడు అంచెలుంటాయి, మాది రెండోది, డివిజన్ టూ. టీవీలో కనిపించేవి, జూన్‌లో ఒమాహాలో కాలేజ్ వరల్డ్ సిరీస్ ఆడేవి డివిజన్ వన్ టీములు. డివిజన్ త్రీ వాళ్లకు ఆట మీద స్కాలర్‌షిప్‌లే ఉండవు. మేం మధ్యలో. మాకంటే ఘోరంగా ఓడినవాళ్లు లేకపోలేదు. కాలిఫోర్నియాలో సైన్సు చదువులకు పేరున్న కాల్టెక్ బేస్‌బాల్ టీమ్ పదేళ్ల పాటు వరసగా 228 మ్యాచులు ఓడి, 2013 ఫిబ్రవరిలో ఒకటి గెలిచింది. ఆ సంగతి చెప్పి కుర్రాళ్లను ఉషారు చేద్దామని చూశాను. "మనం కాల్టెక్‌తో పోల్చుకునే స్థితికి వచ్చామా" అన్నాడు మా క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. మళ్లీ ఆ పేరెత్తలేదు.

మొదటి నెల నేను చేసిందంతా వేస్ట్. ఇంటర్నెట్లో చదివిందంతా నెత్తికెక్కించుకుని స్పిన్ రేటు (బంతి ఎంత తిరుగుతోంది), ఎగ్జిట్ వెలాసిటీ (బ్యాటుకి తగిలాక ఎంత వేగంగా పోతోంది) అంటూ పద్నాలుగు పేజీల రిపోర్టు తయారు చేశాను. అసలు అవి కొలవడానికి మా దగ్గరేముంది? పెద్ద కాలేజీల గ్రౌండ్లలో ట్రాక్‌మ్యాన్ రాడార్లు బిగించి ఉంటాయి. మాకున్నది చేత్తో పట్టుకునే రాడార్ గన్ ఒకటి, దాని బ్యాటరీ మూత టేపు మీద నిలబడి ఉంది. కోచ్ రిపోర్టు మొదటి పేజీ చూసి, చివరి పేజీ చూసి, "ఇందులో నేను మంగళవారం ప్రాక్టీసులో చేయించాల్సింది ఏ పేజీలో ఉంది?" అని అడిగారు. ఏ పేజీలోనూ లేదు.

ఆ రాత్రి రూమ్‌కొచ్చి పాత సీజన్ బాక్స్ స్కోర్లు, అంటే మ్యాచుల స్కోరు పట్టికలు, ముందేసుకున్నాను. నా రూమ్మేట్ ఖమ్మం వాడు. పప్పు తాలింపు వేస్తూ వెనక నుంచి తొంగి చూసి, "మామా, ఇందులో ఎక్స్‌ట్రాలు ఎక్కడ రాస్తార్రా?" అన్నాడు. వాడు ఊరికే అడిగాడు గానీ నాకు అక్కడే లైటు వెలిగింది. మా ఊరి టోర్నమెంటులో ఓడిన ప్రతిసారీ కెప్టెన్ నా పుస్తకం లాక్కుని ముందు చూసేది ఎక్స్‌ట్రాల కాలమే. "ఇరవై ఆరా! అవే ముంచాయి" అనేవాడు. బేస్‌బాల్లో ఆ కాలమ్ ఒక్కచోట ఉండదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. బ్యాటర్ మూడు బేస్‌లు తాకి, బయల్దేరిన హోమ్ ప్లేట్‌కి తిరిగొస్తే ఒక పరుగు. పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) నాలుగు బంతులు స్ట్రైక్ జోన్ బయట, అంటే ప్లేట్ మీదుగా మోకాలికీ ఛాతీకీ మధ్య కాకుండా వేస్తే, బ్యాటర్ నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి వెళ్తాడు, అది వాక్. బంతి ఒంటికి తగిలితే అదీ బేసే. వైల్డ్ పిచ్ పడినా, అంటే క్యాచర్‌కి అందనంత పక్కకి వేసినా, అందే బంతిని క్యాచర్ వదిలేసినా రన్నర్ ముందుకు జరుగుతాడు. ఫీల్డర్ తప్పులు వేరే, దొంగిలించే బేస్‌లు (పిచ్చర్ బంతి వేస్తుండగానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరుగెత్తడం) వేరే. వీటన్నిటికీ కోచ్‌లు వాడే మాట ఒకటుంది, "ఫ్రీ నైంటీ". బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు కదా, ఆ 90 అడుగులు ఊరికే ఇచ్చేయడమన్నమాట.

యాభై మ్యాచులవీ కూడాను. తెల్లారింది. మ్యాచ్‌కి సగటున పదకొండు బేస్‌లు ఊరికే ఇస్తున్నాం, అవతలి వాళ్ల నుంచి మాకొచ్చేవి ఆరు. గెలిచిన పదకొండు మ్యాచుల్లో తొమ్మిదింట్లో మాత్రం మేమే తక్కువ ఇచ్చాం. ఇంకోటి కూడా కనిపించింది. ఆదివారం మ్యాచులు దాదాపు అన్నీ పోయాయి. మా లీగ్‌లో వారాంతంలో ఒకే జట్టుతో మూడు మ్యాచులుంటాయి. శుక్రవారం పిచ్చర్ వాక్‌లు ఇస్తే ఇన్నింగ్స్ సాగుతుంది, బంతులెక్కువ పడతాయి, మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్‌లైతే ఐదో దానికే చెయ్యి లేవదు. వాడి బదులు దిగేవాడు ఆదివారానికి దాచుకున్నవాడు. అంటే ఆదివారం మ్యాచ్ మేం శుక్రవారం సాయంత్రమే ఓడిపోతున్నాం.

మర్నాడు ఒకే కాగితం పట్టుకెళ్లాను. దాని మీద రెండు అంకెలు, కింద ఆదివారాల లెక్క. కోచ్ చాలాసేపు చూశారు. "ఇది నాకు తెలుసు. కానీ ఇంతని తెలియదు" అన్నారు. డగౌట్ గోడ మీద వైట్‌బోర్డు పెట్టించి, ఇచ్చినవి, వచ్చినవి అని రెండు గళ్లు గీయించారు. అది నింపడం నా డ్యూటీ.

అమ్మ ఫోన్లో అంది, "అంత అప్పు చేసి పంపిస్తే, ఎవరో వేసిన బంతులు లెక్కపెడుతున్నావా నాయనా?"

బోర్డు పెట్టగానే టీమ్ బాగుపడిపోలేదు. కుర్రాళ్లకు ముందు చిరాకొచ్చింది. ఒక మ్యాచ్‌లో ఓక్లహోమా నుంచి వచ్చిన ఎడమచేతి పిచ్చర్ ఒక్క ఇన్నింగ్స్‌లో మూడు వాక్‌లిచ్చి వచ్చి, నేను అంకె మారుస్తుంటే మార్కర్ నా చేతిలోంచి లాక్కుని డస్ట్‌బిన్‌లో పడేశాడు. వాడు 91 మైళ్ల స్పీడుతో వేస్తాడు. రాడార్ గన్ చూసి అందరూ మెచ్చుకునేది వాడినే. వాడి దృష్టిలో నేను క్రికెట్ దేశం నుంచొచ్చిన గుమాస్తాని. తప్పేం లేదు, నిజంగానే గుమాస్తాని.

వాడి జబ్బుకి మందు దారాల రూపంలో దొరికింది. బుల్‌పెన్‌లో, అంటే పిచ్చర్లు ప్రాక్టీసు చేసుకునే చోట, హోమ్ ప్లేట్‌కి అటూ ఇటూ రెండు గుంజలు పాతి, వాటి మధ్య దారాలు కట్టారు. బ్యాటర్ మోకాలి ఎత్తున ఒక అడ్డదారం, ఛాతీ ఎత్తున ఇంకొకటి, ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు కాబట్టి అంత ఎడంలో రెండు నిలువు దారాలు. గోడ నిటారుగా వస్తోందో లేదో చూడ్డానికి తాపీ మేస్త్రి కట్టే దారాలే గుర్తొచ్చాయి నాకు. ఇది చాలా పాత పద్ధతి. 1940ల చివర్లో ఫ్లోరిడాలోని వీరో బీచ్ క్యాంపులో డాడ్జర్స్ టీమ్‌ని నడిపిన బ్రాంచ్ రికీ తన పిచ్చర్లకు ఇలాగే దారాలు కట్టించేవాడు. ఖర్చు రెండు గుంజలు, ఒక ఉండ దారం. దానికి ముందు ఏడాది డిపార్ట్‌మెంట్ ఎవరూ వాడని పిచింగ్ మెషిన్ ఒకటి కొనిపెట్టింది, అది ఇప్పటికీ షెడ్డులో ప్లాస్టిక్ కవరు కప్పుకుని ఉంది.

దారాల మధ్య నుంచి పోయిన బంతికి ఒక పాయింటు. ఇరవై బంతుల్లో తక్కువ పాయింట్లొచ్చినవాడు ఆ రోజు మౌండ్ (పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ) చదును చేయాలి. మొదటి రోజు మా 91 మైళ్ల వాడికి ఏడొచ్చాయి. 84 మైళ్లు వేసే సన్నటి కుర్రాడు ఒకడుండేవాడు, ఎవరూ పట్టించుకునేవారు కాదు. వాడికి పధ్నాలుగు. మౌండ్ ఎవరు చదును చేశారో మీకే తెలుసు. రెండు వారాలు వరసగా వాడే చేశాడు. మూడో వారం ప్రాక్టీసుకి అరగంట ముందే వచ్చి ఒక్కడే దారాల్లోకి వేసుకుంటూ కనిపించాడు. నేను చూసినట్టు వాడికి తెలియకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను.

స్టాప్‌వాచ్ గొడవ వేరు. మా మీద అందరూ బేస్‌లు దొంగిలించేవాళ్లు. తప్పంతా క్యాచర్‌దేనని అందరి నమ్మకం. వాడి చెయ్యి వీక్ అనేవారు, క్యాచర్‌ని మార్చాలన్న మాట కూడా నడుస్తోంది. నేను ఫోన్లో టైం తీయడం మొదలుపెట్టాను. ఓ మోస్తరు రన్నర్ ఫస్ట్ నుంచి సెకండ్ బేస్‌కి చేరడానికి సుమారు 3.4 సెకన్లు తీసుకుంటాడు. బంతి అంతకంటే ముందు చేరాలి. అందులో రెండు ముక్కలుంటాయి. పిచ్చర్ కదలడం మొదలుపెట్టిన క్షణం నుంచి క్యాచర్ గ్లోవ్‌లో పడేదాకా ఒకటి, అక్కడి నుంచి సెకండ్ బేస్‌కి ఇంకొకటి. మా క్యాచర్‌ది దాదాపు ప్రతిసారీ 2 సెకన్లే వచ్చింది. కాలేజీ స్థాయికి అది మంచి టైమే. మా పిచ్చర్లకి 1.6, ఒకడికి 1.7. రెండూ కలిపితే 3.6. ఆ క్యాచర్ స్థానంలో ఎవర్ని కూర్చోబెట్టినా రన్నర్ వెళ్లిపోతాడు. కాలు అంత ఎత్తు లేపకుండా చప్పున అడుగేసి వేస్తే 1.3కి వస్తుంది, అప్పుడు పోటీ ఉంటుంది.

ఆ కాగితం చూశాక క్యాచర్ ఏమీ అనలేదు. బస్సులో నా పక్కన కూర్చుని సగం శాండ్‌విచ్ నా చేతిలో పెట్టాడు. అందులో బేకన్ ఉంది, నేను తినను. అయినా తీసుకున్నాను.

వెయిట్ రూము, తిండి, నిద్ర వగైరా అందరు కోచ్‌లూ చెప్పేవే, మా దగ్గరా జరిగాయి. బ్యాటింగ్ గురించీ పెద్దగా చెప్పేదేం లేదు. మావాళ్లు అప్పటికే ఫర్వాలేదు. ఇష్టమైన పని కదా, రెండు గంటలు బ్యాటింగే చేసేవారు. అందులో ముప్పావు గంట కోసి పిచింగ్‌కీ ఫీల్డింగ్‌కీ ఇచ్చారు కోచ్, అంతే. దానికే నెల రోజులు మొహాలు మాడ్చుకున్నారు.

2023 సీజన్ ముగిసేసరికి పదిహేను గెలుపులు. పెద్ద సంబరం కాదు. పైగా మే నెలలో దెబ్బ పడింది. బోర్డు పుణ్యమో ఫీల్డింగ్ ప్రాక్టీసు పుణ్యమో, బాగుపడ్డ మా షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డర్) ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో, పేరిచ్చి డివిజన్ వన్ కాలేజీకి వెళ్లిపోయాడు. చిన్న కాలేజీ బతుకంతే. మన దగ్గర ఊరి ట్యూషన్ మాస్టారు పదో తరగతి దాకా తీర్చిదిద్దిన పిల్లాడికి ఇంటర్లో ర్యాంకొస్తే ఫ్లెక్సీ మీద ఫొటో కార్పొరేట్ కాలేజీ వేసుకుంటుంది కదా, అచ్చంగా అదే. కోచ్ ఆ కుర్రాడిని తిట్టుకోలేదు. సిఫార్సు ఉత్తరం రాసిచ్చారు.

ఆ వేసవిలో అసలు మార్పు జరిగిందని నా నమ్మకం. డివిజన్ టూలో టీమ్ మొత్తానికి ఇవ్వగలిగేది గరిష్ఠంగా 9 స్కాలర్‌షిప్‌లకు సరిపడా డబ్బు. దాన్నే ముక్కలు చేసి పాతిక ముప్పై మందికి పంచుతారు. మా కాలేజీ ఆ తొమ్మిదీ కూడా పూర్తిగా ఇచ్చేది కాదు. అంతకుముందు ఆ డబ్బులో పెద్ద ముక్కలు రాడార్ గన్ మీద పెద్ద అంకె చూపించినవాళ్లకు పోయేవి. ఈసారి జూనియర్ కాలేజీల (రెండేళ్ల చదువుండేవి) పిచ్చర్ల వీడియోలు నాకిచ్చి, "స్పీడు చూడకు. మొదటి బంతే స్ట్రైక్ (బ్యాటర్ ఆడకపోతే జోన్లోంచి పోయిన బంతి) ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టు" అన్నారు కోచ్. బయటికెళ్లి ఆటగాళ్లతో మాట్లాడటం కోచ్‌ల పని, నాలాంటివాళ్లు చేయకూడదు. కానీ గదిలో కూర్చుని లెక్కపెట్టడానికి అడ్డేముంది? డాలస్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తూ రాత్రుళ్లు నలభై మంది వీడియోలు చూశాను. ముగ్గురు వచ్చారు. ముగ్గురిలో ఒక్కడూ 90 మైళ్లు దాటడు. ఒకడి తండ్రి అయితే, మావాడిని ఇంకెవరూ అడగలేదు, మీరెందుకు అడుగుతున్నారని కోచ్‌ని అనుమానంగా అడిగాడట.

2024 ఫిబ్రవరిలో మా గ్రౌండ్ మీద మంచు ఉండగానే అర్కాన్సాలో సీజన్ మొదలైంది. మొదటి వారాంతం మూడూ ఓడిపోయాం. నాకు నిద్ర పట్టలేదు, నా లెక్క వల్లే నాశనమైందేమోనని టెన్షన్. కోచ్ బోర్డు చూపించారు. మూడు మ్యాచుల్లో ఇచ్చినవి మొత్తం పదహారు. పాత లెక్కలో అయితే ముప్పై మూడు ఉండాలి. "బ్యాట్లు వేడెక్కనీ" అన్నారు. మార్చిలో వేడెక్కాయి. ఏప్రిల్లో మొదటిసారి వరసగా మూడు ఆదివారాలు గెలిచాం. ఆ మూడో ఆదివారం చివరి రెండు ఇన్నింగ్స్‌లు వేసింది మా ఓక్లహోమా వాడే. ఒక్క వాకూ ఇవ్వలేదు. దిగివస్తూ నా చేతిలో మార్కర్ తీసుకున్నాడు. మళ్లీ డస్ట్‌బిన్ అనుకున్నాను. బోర్డు మీద తన పేరు పక్కన తనే సున్నా చుట్టి, మార్కర్ నాకిచ్చేశాడు.

ఇరవై నాలుగు గెలుపులతో ముగించాం. కాన్ఫరెన్స్ (మా లీగ్) టోర్నమెంటుకి ఆఖరి సీటులో వెళ్లి, వరసగా రెండు ఓడి, మూడో రోజుకల్లా ఇంట్లో ఉన్నాం. మే నెలలో నాకు డిగ్రీ చేతికొచ్చింది, ఓపీటీ (చదువయ్యాక పని చేసుకోనిచ్చే అనుమతి) మీద డాలస్‌లో ఉద్యోగం. నా పనిలోకి జగిత్యాల నుంచి వచ్చిన జూనియర్ ఒకమ్మాయిని పెట్టించాను. దారాలు వానకి సాగిపోతాయి, రెండు నెలలకోసారి మార్చాలని చెప్పి తాళాలిచ్చాను.

మొన్న ఆదివారం ఫోన్ చేసింది. "అన్నా, కొత్త పిచ్చర్ ఒకడున్నాడు, స్పీడు భలే ఉంది. కానీ ప్లేట్‌కి 1.7 వస్తోంది. కోచ్ గారికి చెప్పాలా, ముందు వాడికి చెప్పాలా?"

ముందు క్యాచర్‌కి చెప్పమన్నాను.